రెండు రకాల లేదు

ఆశ్వయుజ శుద్ధ విదియ. పాటు, నీరు సముద్రంలోకి తీస్తోంది.

ఈ ఉదయం గంజిలో ఉప్పు వేయలేదు. వేయాల్సిన అవసరమే రాలేదు. మంచినీళ్ళ మర నుంచి పట్టుకొచ్చిన నీళ్ళలోనే కావలసినంత ఉంది. చెల్లెలు ఒక గుక్క తాగి మూతి ముడిచింది.

"అప్పా, పొర మళ్ళీ సిరిగినట్టుంది."

"సిరిగినట్టుండడమేటి, సిరిగింది. నిన్ననే అతికినాను. ఆ జిగురు ఇచ్చినోడి మీదే నాకు అనుమానం."

"నీకు ఎవుల మీద నేదు సెప్పు?"

అది నిజమే. తెప్పలపేటలో నా పేరు నూకాలు. వెనకాల మాత్రం అందరూ అనుమానాల నూకాలు అంటారు. అలా అంటున్నారేమోనని అనుమానం వచ్చి, పొంచి ఉండి విన్నాను. అంటున్నారు.

మరలో పొర చూసే పని నాది. పండుగప్ప చేప కడుపులో గాలితిత్తి ఉంటుంది. దాన్ని ఎండబెట్టి, సాగదీసి మర మూతికి బిగిస్తే ఉప్పు ఇవతలే ఆగిపోయి మంచినీరు అవతలికి దిగుతుంది. చేప బాగా పెద్దదైతే ఒక్క తిత్తితో మూతి మొత్తం కప్పేయొచ్చు. చిన్న చేపలవైతే బొంత కుట్టినట్టు ముక్కలు ముక్కలుగా అతకాలి, అతుకుల దగ్గర ఉప్పు దిగిపోతుంది. పేట మొదలైన రోజుల్లో బిగించిన పెద్ద పొర కిందటి తుఫానులో చిరిగిపోయింది. అప్పట్నుంచీ అతుకులే. పసిపిల్లలకి కాళ్ళు పొంగుతున్నాయి. నీళ్ళు చూసుకోలేకపోతే తెప్పలు విప్పేసి పైకి వచ్చేయండి, డేరాలు వేసి పెడతాం అని కొండ మీద వాళ్ళు ఎప్పట్నుంచో కబురు పెడుతున్నారు. అలా డేరాల్లోకి వెళ్ళిన పేట ఏదీ మళ్ళీ నీటి మీదికి రాలేదు.

పెద్ద పండుగప్ప ఒక్కటి దొరికితే మేం ఇక్కడే ఉంటాం. అదే దొరకడం లేదు. మునిగిపోయిన పట్నం పొడుగునా గుంజలు పాతి, ఒక్కో గుంజకి నీటి కింద ఒక చెవి కట్టి ఉంది. మెడలో వేసుకునే గవ్వలో అడిగితే ఎక్కడ ఏ చేప ఉందో చెవి వెతికి చెబుతుంది. చెప్పిన చోట చేప ఉంటుంది కూడా. కాకపోతే మోచెయ్యి పొడవుకి మించదు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా మించలేదు. సముద్రంలో చేపలన్నీ ఒకే ఈడువా?

అందరూ రోజువారీ కబుర్లు గవ్వలో చెప్పి దాచుకుంటారు. నేను మాత్రం ఇది చేత్తో రాస్తున్నాను. అనుమానం చెవి మీదైతే చెవికే చెప్పుకుంటామా?

శుద్ధ చవితి. పోటు, నీరు ఎక్కుతోంది.

చెవుల బాగోగులు చూసేది జోగులు బావ, మా మేనమామ కొడుకు. పేటకి చెవులు కట్టింది కూడా ఆయనే. ఆ రోజు ఇంటికొకరు చొప్పున వెళ్ళి, గుళ్ళో నంది చెవిలో చెప్పుకున్నట్టు, అన్ని చెవులకీ మూలమైన పెద్ద చెవి దగ్గర ఒక్క మాట చెప్పమన్నాడు. చెప్పిన మాటని చెవి ఎప్పటికీ జవదాటదు. దాన్ని మేం ఆన అంటాం. ఎవరి ఆన ఏమిటో చెప్పిన వాళ్ళకీ, పక్కన నిలబడ్డ జోగులు బావకీ తప్ప తెలియదు. బయటపెట్టనని ఆయన గంగమ్మ మీద ఒట్టు వేశాడు.

మా ఇంటి తరఫున వెళ్ళింది నేను. నా ఆన ఇక్కడ రాస్తే నష్టం లేదు. "ఒకల మాట ఇంకొకలకి మొయ్యకు" అన్నాను. చాడీలు లేకుండా ఉంటాయి కదా అని. ఆ ఒక్క మాట వల్ల మా పేటలో ఈ తెప్ప నుంచి ఆ తెప్పకి చెవి మీదుగా మాట్లాడుకోవడం కుదరదు. అరిస్తే వినపడినంత దూరమే. ఎవరు పెట్టారో ఈ ఆన అని అందరూ తిట్టుకుంటారు. నేనూ వాళ్ళతో కలిసి గట్టిగానే తిడతాను.

ఇవాళ జోగులు బావ గుంజలకి పట్టిన నాచు గీకుతుంటే తెప్ప ఆనించి అడిగాను.

"బావా, పెద్ద సేపలన్నీ ఏటైపోనాయి?"

"సెవినడుగు."

"సెవినడిగితే పిల్ల సేపల్నే సూపిస్తంది. నువ్వు దానికేటైనా నూరిపోసినావేటి?"

"నా పని గీకడం నూకాలా. నూరడం కాదు." మాట మామూలుగానే ఉంది. కానీ నా మొహం చూడకుండా, గీకేసిన చోటే మళ్ళీ గీకాడు.

కొండ వాళ్ళకి అమ్ముకుంటున్నాడా? పెద్దవన్నీ తనకోసం అట్టే పెట్టుకున్నాడా? ఈ ఆలోచనలతో తిరిగొస్తుంటే, మా చెల్లెలు ఆయన తెప్ప వైపే నడుస్తూ ఎదురైంది. చెల్లెలి పేరు పైడితల్లి. అంత పొడుగ్గా ఎవరు పిలుస్తారు? పేటంతా తల్లీ అనే పిలుస్తుంది, గవ్వలో ఉన్నదీ ఆ పేరే. ఎక్కడికే అంటే "ఊరికినే" అంది. ఊరికే వెళ్ళేవాళ్ళు తల దువ్వుకుని వెళ్తారా?

శుద్ధ షష్ఠి.

ఇవాళ నాకొక సంగతి దొరికింది.

చెల్లెలు తెడ్డు వేస్తుంటే నేను గవ్వ పట్టుకుని ఒక్కో గుంజ గురించే అడుగుతూ వచ్చాను. "ఆసుపత్రి గుంజ దగ్గర పండుగప్ప ఉందా?" అన్నాను. చెవి కాసేపు ఊరుకుంది. ఆనక, "చేపలు కనపడలేదు," అంది. కాలేజీ గుంజ గురించి అడిగాను. మళ్ళీ కాసేపు ఊరుకుని అదే మాట. తర్వాత, "చీరల కొట్టు గుంజ దగ్గర పండు..." అంటున్నానో లేదో, "అక్కడ ఏమీ లేదు," అంది.

ఇంతకు ముందు కూడా ఇలాగే అనేదేమో, నేనే పట్టించుకోలేదు. కానీ ఇవాళ ఆ తొందర నా చెవికి తగిలింది. మా ఆయన బతికున్న రోజుల్లో "తాగొచ్చినావా" అని పూర్తిగా అడక్కముందే "నేదు" అనేవాడు. తాగని రోజున మాత్రం, ఇదెందుకు అడుగుతోందా అని కొంచెం ఆలోచించి చెప్పేవాడు. వెతికి చెప్పేవాడికి వ్యవధి పడుతుంది. దాచేవాడికి వెతికే పని లేదు.

అందుకే నిజంగా చేప లేని చోట అడిగి చూడాలనిపించింది. మా తెప్పల కింది గుంజ దగ్గర నీరు తేటగా ఉంటుంది, అడుగున ఇసుక కనిపిస్తుంది, పండుగప్ప లేదని నా కళ్ళకే తెలుసు. అక్కడ ఉందా అని అడిగాను. చెవి తీరిగ్గా వెతుక్కుని, "చేపలు కనపడలేదు," అంది. నిజం చెప్పేటప్పుడు అలా చెబుతుందన్నమాట.

"యంత్రం కూడా అబద్దమాడతాదా అప్పా?" అంది చెల్లెలు.

"మడిసి ఆడిస్తే ఆడతాది."

"ఏ మడిసి?"

నేను మాట మార్చాను. ఆమె ఎవరి తెప్పకి వెళ్తోందో గుర్తుంది.

శుద్ధ అష్టమి. నీటిలో కదలిక లేదు.

అష్టమి నీరు అంటే చచ్చిన నీరే. పోటూ పాటూ రెండూ అంతంతమాత్రం. వల వేసే వాళ్ళంతా పేకాట ఆడుకుంటున్నారు. నేను మాత్రం చెవి తొందరపడి లేదన్న చోట్లన్నీ తెప్ప మీద తిరిగి చూసి వచ్చాను.

చీరల కొట్టు, సినిమా హాలు, పాత బ్యాంకు. మూడింటికీ ఒక పోలిక ఉంది. లోపల మెట్లున్నాయి, చీకటి గదులున్నాయి, గుమ్మం ఏటి మొగ వైపు, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు వైపు, తిరిగి ఉంది. పాటు తీసేటప్పుడు పట్నం వీధుల్లో నీరంతా ఆ గుమ్మాల పక్క నుంచే సముద్రంలోకి దిగాలి. ఆ నీటిలో రొయ్యలూ పిల్ల చేపలూ కొట్టుకొస్తాయి. లోపల కూర్చున్న దానికి నోరు తెరిస్తే చాలు. మేం ఇన్నాళ్ళూ చేప ఎక్కడ తిరుగుతోందా అని వెతికాం. చిన్న చేప తిరుగుతుంది. పెద్దది తిరగదు, కాపు కాస్తుంది. ఆ గుణం నాకు తెలిసిందే.

కాబట్టి ఇప్పుడు వెళ్ళి ప్రయోజనం లేదు. నీటికి బలం రావాలి, ఏకాదశి దాకా ఆగాలి. పాటు మొదలయ్యే వేళకి ముందే వెళ్ళి, గుమ్మానికి ఎగువన లంగరు వేసి, బతికున్న రొయ్యని గాలానికి గుచ్చి, నీరే దాన్ని గుమ్మం దాకా తీసుకెళ్ళేలా వదలాలి. తెడ్డు చప్పుడు కూడా కూడదు.

పక్క తెప్ప సింహాద్రి నన్ను కనిపెడుతున్నాడు. రెండుసార్లు నా వెనకే వచ్చాడు. అందుకని ఏమీ లేని ఆసుపత్రి దగ్గర పొద్దంతా గాలం వేసి, దొరికినట్టు మొహం పెట్టి వచ్చాను. రేపు అక్కడ పేటలో సగం మంది ఉంటారు.

శుద్ధ ఏకాదశి. పాటు.

దొరికింది!

చీరల కొట్టు మూడో అంతస్తు కిటికీలు నీటి మీద ఉంటాయి. కింద అద్దాల గదిలో బొమ్మలు ఇంకా నిలబడే ఉన్నాయి, నాచు చీరలు కట్టుకుని. తేట నీటిలో అవి చేతులు చాపి మనల్నే చూస్తుంటాయి. నాకు ఆ బొమ్మల మీద కూడా నమ్మకం లేదు. వాటి వైపు వీపు పెట్టి కూర్చున్నాను.

పాటు తీయడం మొదలైంది. తాడు వేళ్ళ మధ్య నుంచి జారుతోంది. రొయ్య గుమ్మం దాకా వెళ్ళి ఉంటుంది అనుకునేసరికి, నీటి కింద తలుపు వేసినట్టు టప్పున చప్పుడైంది. తెప్ప ముందుకి వంగిపోయింది. నేను తాడు వదలలేదు. చెల్లెలు నన్ను వదలలేదు. అది గుమ్మంలోకి దూరిపోతే తాడు గోడకి కోసుకుపోతుంది కాబట్టి, చెల్లెలు లంగరు తాడు విప్పేసి తెప్పని నీటి వాలుకి వదిలేసింది. మేం దాన్ని లాగలేదు, ఏరే మా ముగ్గుర్నీ కలిపి బయటికి లాగింది. ఆలోచన చెల్లెలిదే. ఒప్పుకోక తప్పదు.

పైకి తేలాక దాని కన్ను ఎర్రగా మెరిసింది. మొప్ప అంచు కత్తిలా ఉంటుంది కదా, నా అరచెయ్యి తెగింది. మా చెల్లెలి కన్నా పొడుగు చేప. ఇద్దరం తడిసి, నెత్తురోడుతూ, పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం.

పేటంతా చుట్టూ చేరింది. కడుపు కోస్తే ముందు తిత్తి రాలేదు, గుడ్లు వచ్చాయి. దోసిళ్ళ కొద్దీ పసుపుపచ్చ గుడ్లు. పండుగప్ప పిల్లగా ఉన్నప్పుడు పోతు. బాగా పెరిగాకే పెట్ట అవుతుంది. ఈ సంగతి మాకందరికీ తెలుసు గానీ, ఇంత పెద్దదాన్ని చూసినవాళ్ళం కాదు. అందరూ ఆశగా తిత్తి వైపు చూస్తుంటే, జోగులు బావ ఒక్కడూ గుడ్ల వైపు చూశాడు.

"ఓలమ్మా, తల్లినే కోసేసినావేటి నూకాలా!"

అని చటుక్కున నోరు మూసుకున్నాడు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. ఇంత పెద్ద చేప ఇక్కడ ఉందని ఆయనకి ఆశ్చర్యం లేదు. నేను పట్టుకున్నానన్నదే ఆశ్చర్యం.

శుద్ధ త్రయోదశి.

నీళ్ళు తియ్యగా వస్తున్నాయి. పొర మర మూతికి నిండుగా పట్టింది. ముసలివాళ్ళు నీళ్ళు తాగి ఏడుస్తున్నారు. సింహాద్రి వచ్చి దండం పెట్టాడు, వెళ్తూ వెళ్తూ ఎక్కడ పట్టావని అడిగాడు. ఆసుపత్రి దగ్గరే అన్నాను.

సంతోషించాల్సిన రోజే. కానీ జోగులు బావ మాట ముల్లులా గుచ్చుతోంది. అడిగితే "నోరు జారినాను, వొదిలెయ్" అన్నాడు. సాయంత్రం చెల్లెలు మళ్ళీ ఆయన తెప్ప నుంచి దిగుతూ కనపడింది. ఇద్దరూ ఏదో గుసగుసలాడి, నన్ను చూసి ఆపేశారు.

ఇంటికొచ్చాక అడిగేశాను. "మన పద్దతి ఆయనకి సెప్పేస్తన్నావు కదూ?"

"ఏ పద్దతి?"

"సెవి తొందరపడి నేదన్న కాడ సేప ఉంతాదని."

చెల్లెలు నా వైపు తిరిగింది. "ఆ తాడు నాను వొదిలినానా అప్పా? నిన్ను వొదిలినానా? అయినా నామీదే అనుమానం."

"మరి ఎందుకెల్తన్నావో సెప్పు."

"సెప్పను. నమ్మే మడిసికి సెప్తాను గాని, నీకెందుకు సెప్తాను? రెండో పొర కూడా ఉంటే మేలని నువ్వే అన్నావు కదా. నానొక్కదాన్నే ఎల్లి తెస్తాను. అప్పుడైనా నమ్ముతావేమో."

గోడ వైపు తిరిగి పడుకుంది. నేనూ తిరిగి పడుకున్నాను.

పౌర్ణమి.

తల్లి లేదు. తెప్ప లేదు. నేను లేచేసరికే వెళ్ళిపోయింది. ముసురు పట్టింది, నాలుగు బారల అవతల ఏమీ కనపడడం లేదు.

మధ్యాహ్నం సింహాద్రి వాళ్ళకి మా తెప్ప ఖాళీగా ఏటి మొగ దగ్గర దొరికింది. చెవిని అడిగితే ఏమీ లేదంది. అందరూ మొగ వైపు, సముద్రం వైపు వెళ్తున్నారు. నేనూ వెళ్తున్నాను.

బహుళ పాడ్యమి.

నిన్న జరిగింది ఇవాళ రాస్తున్నాను.

జోగులు బావ తెప్పలో నేనూ ఆయనా బయల్దేరాం. ముందూ వెనకా తెప్పలు, అన్నింటి మీదా "తల్లీ, తల్లీ" అని కేకలు. ఎవరూ పైకి అనడం లేదు గానీ, ఖాళీ తెప్ప సముద్రం వైపు దొరికిందంటే మనిషి ఎక్కడికి పోయి ఉంటుందో అందరికీ తెలుసు. పాటు అయిపోయి పోటు మొదలైంది. పౌర్ణమి పోటు. చీకటి పడేసరికి కిటికీలు కూడా మునిగిపోతాయి.

ఊరుకోలేక నేనే గవ్వ ఎత్తాను. చెల్లెలు ఎప్పుడూ నా తెప్పలోనే ఉంటుంది కాబట్టి, అది ఎక్కడుందని చెవిని అంతవరకూ అడగాల్సిన పనే పడలేదు. పొద్దున అడిగిందీ సింహాద్రే, నేను కాదు.

"తల్లి ఎక్క..."

"అక్కడ ఏమీ లేదు."

ఎక్కడని నేనింకా అడగనే లేదు!

"బావా, తెప్ప ఆపు." ఆయన ఆపాడు. "ఆ రోజు తల్లినే కోసేసినావు అన్నావు. ఆ మాట ఎవులిది? ఎవులి ఆన?"

ఆయన వానలో తల వంచుకుని కూర్చున్నాడు.

"గంగమ్మ మీద ఒట్టేసినాను నూకాలా."

"నా సెల్లి గంగమ్మ నోట్లో ఉంది బావా! సెప్పొద్దు. నాను సెప్తాను, కాదంటే కాదను. పెట్ట సేపలు సచ్చిపోతే పిల్లలుండవని ఎవులో ముందే తెలిసిన మడిసి సెవిలో సెప్పినాది. తల్లిని సూపించకు అని. అంతే కదా?"

జోగులు బావ కాదనలేదు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. పేటకి మొదటి పెద్ద అయిన ఎర్రమ్మ పెద్దమ్మ అలాంటి మాట చెప్పగలదు. ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆన తీయాలంటే పెట్టిన నోరే రావాలి. మా చెవి ఆవిడ మాట నిలబెట్టుకుంది, అంతే. తల్లి అంటే గుడ్లున్న చేప అని ఆవిడకి తెలుసు. మేం ఆ పేరుతో ఒక మనిషిని కూడా పిలుస్తామని చెవికి ఎవరూ విడమరిచి చెప్పలేదు. అది రెండింటినీ దాచింది.

అయితే దాచే తీరు నాకు తెలుసు. చేప అని అడగలేదు. ఒక్కో గుంజ దగ్గరా మనుషులున్నారా అని అడిగాను.

"సినిమా హాలు గుంజ దగ్గర మనుషులున్నారా?" చెవి వెతుక్కుంది. "మనుషులు కనపడలేదు."

"బ్యాంకు గుంజ దగ్గర మనుషులున్నారా?" మళ్ళీ వెతుక్కుంది. నాకు ఆ ఆలస్యం భరించడం కష్టమైంది. "మనుషులు కనపడలేదు."

"చీరల కొట్టు గుంజ దగ్గర మను..."

"అక్కడ ఏమీ లేదు."

"తిప్పు బావా! బేగి తిప్పు!"

తెప్పలన్నీ మొగకి వెళ్తుంటే మేం ఒక్కళ్ళమే వాటికి ఎదురు తిరిగాం. సింహాద్రి ఎటు ఎటు అని అరిచాడు. జీవితంలో మొదటిసారి ఆ మనిషికి నిజం చెప్పాను.

చీరల కొట్టు మెట్ల గదిలో, కిటికీ లోపల, చెల్లెలి తల కనిపించింది. నీళ్ళు భుజాల మీదికి వచ్చేశాయి. గాలానికి పడ్డ చేప లోపలికి లాగితే, తాడు విడిపించడానికి తను కూడా కిటికీలోంచి దిగిందట. మెట్టు విరిగి, కాలు ఇనపచువ్వల మధ్య ఇరుక్కుంది. కట్టు ఊడి తెప్ప కొట్టుకుపోయింది. జోగులు బావ గునపంతో మునిగాడు. నేను దాని గడ్డం కింద చెయ్యి పెట్టి మొహం పైకెత్తి పట్టుకున్నాను. నీటి కింద పెద్ద పెద్ద ఒళ్ళు మా కాళ్ళకి రాసుకుంటూ నెమ్మదిగా తిరుగుతున్నాయి. అవి మమ్మల్ని ఏమీ చేయలేదు.

"ఒచ్చినావా," అంది చెల్లెలు. పెదాలు నల్లబడ్డాయి, పళ్ళు టకటకలాడుతున్నాయి. "పొద్దుటేల నుంచీ సెవినే అడుగుతున్నాను. తెప్పలన్నీ మొగకి పోతన్నాయి అన్నాది. ఇందాకల ఒక తెప్ప తిరిగింది అన్నాది. నువ్వే అనుకున్నాను."

"నానే అని నీకెలాగ తెలుసు?"

"సెవి నేదంటే నమ్మని మడిసి ఈ పేటలో ఇంకెవులున్నారప్పా?"

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే పట్టు జారుతుందని పళ్ళు బిగబట్టుకున్నాను.

"మా అప్పకి సెప్పు, ఇక్కడున్నానని సెప్పు అని ఎంత బతిమాలినానో ఆ సెవిని. ఒకరి మాట ఇంకొకరికి మోయనని ఆనుంది అన్నాది. ఎవులెట్టినారో గాని, ఆ నోట్లో మన్నెట్టా..."

నేను దాని గడ్డాన్ని ఇంకాస్త పైకెత్తి పట్టుకున్నాను. అప్పుడే చువ్వ వంగింది, కాలు వచ్చేసింది. నీళ్ళు కిటికీ పై అంచుకి చేరేసరికి మేం తెప్ప మీద ఉన్నాం.

బహుళ తదియ. పోటు.

చెల్లెలి కాలు వాచింది గానీ ఎముక విరగలేదు. తియ్యని నీళ్ళతో గంజి కాచి పెట్టాను. ఉప్పు వేయడం మర్చిపోయానని తిట్టింది.

జోగులు బావ దగ్గరికి ఎందుకు వెళ్ళేదో నేను అడగలేదు. తనే చెప్పింది. "మాటలు మొయ్యొద్దన్న ఆన తీయించమని అడగడానికే ఎల్లీదాన్ని. ఎప్పుడూ నీ తెప్పలోనే కూకుంటే ఎలాగ? నాకో తెప్ప కట్టుకుని, నాను ఒకేపు, నువ్వొకేపు ఎతికితే సేప బేగి దొరుకుతాది. కాని మాటాడుకోడానికి ఉండాల కదా. ఎట్టిన నోరే రావాల అన్నాడు బావ. ఎవులి నోరో మాత్రం సెప్పలేదు."

ఆయన చెప్పలేదు. నేను ఇన్నాళ్ళూ ఆయన్ని అనుమానించాను, ఆయన నా గుట్టు కడుపులో పెట్టుకుని గుంజలు గీక్కున్నాడు.

మధ్యాహ్నం పేట పెద్దలు కూర్చుని, పొర చిరిగితే తప్ప తల్లి చేపని పట్టకూడదని తీర్మానించారు. ఎర్రమ్మ పెద్దమ్మ ఆన ఎలాగూ ఎవరూ తీయలేరు. చెల్లెల్ని ఇక నుంచి పైడి అని పిలవాలని కూడా అన్నారు. పైడి అనే పేరు చెవికి నేర్పారు గానీ, పేటలో ఒక్కరికీ నోరు తిరగడం లేదు.

సాయంత్రం ఎవరికీ చెప్పకుండా పెద్ద చెవి దగ్గరికి వెళ్ళాను. జోగులు బావ అక్కడే ఉన్నాడు. నన్ను చూసి, ఏమీ అడక్కుండా, తెర తీసి పక్కకి తప్పుకున్నాడు. నేను వంగి చెప్పాను. "నా ఆన నాను తీసేసుకుంటన్నాను. మాటలు మొయ్యి."

తిరిగి వస్తూ చెల్లెలికి ఒప్పుకుంటే ఎలా ఉంటుందా అని ఆలోచించాను. తిడుతుంది, ఏడుస్తుంది, ఆనక నెలల తరబడి ఆటపట్టిస్తుంది. సగం దారిలో ఉండగా మెడలో గవ్వ కదిలింది. చెవికి పెట్టుకున్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి అందులోంచి ఇంకో మనిషి గొంతు వచ్చింది.

"అప్పా! మాటలు మోస్తంది! ఎవులో ఆన తీసేసినారు!" ఏదో తట్టినట్టు, గొంతు తగ్గించి మొదలుపెట్టింది. "అప్పా, ఒక మాట అడుగుతాను. ఆ ఆనెట్టింది నువ్వు..."

"నేదు," అన్నాను, తను పూర్తిగా అడక్కముందే.

గవ్వలో చెల్లెలు నవ్వడం మొదలుపెట్టింది. నేను ఇంటికి చేరేదాకా నవ్వుతూనే ఉంది.